జంక్షన్ కాపురం

స్టేషన్‌ని అక్కడ కట్టాలని మొదట ఎవరూ అనుకోలేదట. లైను వేసేవాళ్ళ కన్ను ఏటి ఒడ్డున ఉన్న పెద్ద ఊరి మీద పడింది. తీరా తవ్వి చూస్తే అక్కడి మట్టి మరీ మెత్తన, వంతెన స్తంభాలు నిలవవన్నారు. దాంతో పట్టాలు పక్కకి జరిగి, గొడ్డు కూడా మేయని రాళ్ళ బీడులోకి వచ్చాయి. ఇంజన్లకి నీళ్ళు పట్టడానికి ఒక ట్యాంకు, ట్యాంకుకి కాపలాగా ఒక మనిషి, ఆ మనిషి తల దాచుకోవడానికి ఒక గది. పుట్టుక అంతే. కొన్నేళ్ళ తర్వాత కొండల్లోంచి కలప దించడానికి బ్రాంచి లైను వేసి, తెచ్చి అక్కడ కలిపారు. ఆ కలపడం కూడా సవ్యంగా కలపలేదు. నగరం తూర్పున ఉంటే, బ్రాంచి పట్టాలు పడమటికి మొహం పెట్టుకుని వచ్చి కలిశాయి. అందుకని కొండల నుంచి నగరానికి పోయే ప్రతి బండీ అక్కడ ఆగాలి, ఇంజన్ని ఊడదీసి రెండో కొసకి తగిలించాలి, ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్తున్నట్టు మళ్ళీ బయల్దేరాలి.

ఆ వంకర పుణ్యమా అని అక్కడ ఒక ఊరంటూ వెలిసింది. ఇంజన్ తిరిగేదాకా జనానికి వేరే పనేముంది? టీలు తాగారు, మొహాలు కడుక్కున్నారు, పిల్లల్ని కొట్టారు, పక్కవాళ్ళతో స్నేహాలు చేశారు. వాళ్ళ కోసం టీ కొట్లు వచ్చాయి, ఆడవాళ్ళకి వేరే వెయిటింగ్ రూము వచ్చింది, ఇంజన్ల షెడ్డు, ఎర్ర ఇటుకల క్వార్టర్లు, రైల్వే బడి, నాలుగు మంచాల ఆసుపత్రి వచ్చాయి.

ఈ సంగతులన్నీ ఆమెకి భర్త చెప్పగా తెలుసు. ఆయన తూర్పు క్యాబిన్లో లివర్లు లాగే మనిషి. లివరు లాగితే అక్కడెక్కడో పట్టా కదిలి బండి ఈ లైను వదిలి ఆ లైను పడుతుంది. ఆయన తండ్రీ అదే క్యాబిన్లో అవే లివర్లు లాగాడు. పెళ్ళయి ఆమె కొత్తకాపురానికి వస్తున్నప్పుడు, "రెండేళ్ళేనటే, తర్వాత ఎటూ బదిలీ అవుతుంది" అని తల్లి నచ్చజెప్పి బండెక్కించింది. ఆ రెండేళ్ళు ఎప్పుడో గడిచిపోయాయి. కూతురు పుట్టింది, పెరిగింది, నర్సయి వేరే ఊళ్ళో స్థిరపడింది. ఆమె జుట్టు నెరిసింది. బదిలీ మాత్రం కాలేదు. ఆర్డర్లు వచ్చిన రెండుసార్లూ ఆయన ఎవరి కాళ్ళో పట్టుకుని ఆపించుకున్నాడని ఆమెకి ఆలస్యంగా తెలిసింది.

ఆయనతో కాపురం మొదట్లో ఆమెకి నవ్వొచ్చేది. ఏం చెప్పినా ఆ మాట తిరిగి చెప్పేవాడు.

"ఉప్పు అయిపోయిందండీ."

"ఉప్పు అయిపోయింది."

"వచ్చేటప్పుడు పట్టుకురండి."

"వచ్చేటప్పుడు పట్టుకొస్తాను."

క్యాబిన్ వాళ్ళకి అదొక కట్టుబాటు. స్టేషన్ మాస్టరు ఫోన్లో ఏ బండిని ఏ లైను మీదకి అంటే, ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. పగలంతా అలా అనీ అనీ నోటికి అదే అలవాటై ఇంటికొచ్చేది. పట్టాల దగ్గర పనిచేసే పాయింట్స్‌మన్లు చాటుగా ఆయన్ని 'చిలక' అనేవారు. ఆ పేరు ఆమె అక్క చెవిన పడింది. ఇక చెప్పాలా! "ఏమే, మీ చిలక బాగుందా? జాంకాయ పెట్టావా?" అంటూ ఫోన్ చేసినప్పుడల్లా ఏడిపించేది.

"నవ్వితే నవ్వావుగానీ, చెప్పిన మాట వింటారు. మీ ఆయనలా గోడకి చెప్పుకున్నట్టు కాదు" అని ఆమె వెనకేసుకొచ్చేది.

నిజంగానే అలా అనుకుంది. ఎందుకంటే ఏడాదికోసారైనా ఆమె ఒక మాట అనేది, ఆయన ఆ మాట తిరిగి చెప్పేవాడు.

"ఏమండీ, మీరు రిటైరయ్యాక మనం అక్కా వాళ్ళ ఊరు వెళ్ళిపోదాం."

"రిటైరయ్యాక అక్కా వాళ్ళ ఊరు వెళ్ళిపోదాం."

ఇంకేం కావాలి? మొగుడు నోరారా అన్న మాట. ఆమె దాన్ని నమ్ముకునే అన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

అక్క ఊరంటే పెద్ద స్వర్గమేం కాదు. కాకపోతే అక్కడ వీధి ఉంది. క్వార్టర్ వాకిట్లో నిలబడితే ముందు పట్టాలు, వెనక బూడిద కుప్ప. మనుషులు కనబడకపోరు, రోజుకి వేలమంది కిటికీల్లోంచి కనబడతారు. కానీ అందరూ పోయేవాళ్ళే. ఒక మొహం గుర్తుపెట్టుకుందామనుకునేలోగా బండి కదిలేది. ఆమెకి కుట్టుపని వచ్చు. గౌన్లు, కర్టెన్లు, దిండు గలీబులు, ఏదిచ్చినా చూడగానే కొలత కళ్ళకి కట్టేది. కుట్టించుకునేవాళ్ళే లేరు. ఉన్న నాలుగు కుటుంబాలూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నాయి. నిన్న వచ్చినవాళ్ళు రేపూ వచ్చే చోట, గుమ్మం పక్కన మిషన్ వేసుకుని కూర్చోవాలన్నది ఆమె కోరిక. అక్క తన ఇంటి పక్కనే రెండు గదులు చూసి ఉంచింది, ముందు గది తలుపు నేరుగా వీధిలోకి తెరుచుకుంటుంది.

ఆయన రిటైరయ్యే నెల దగ్గరపడింది. అదే నెలలో జంక్షన్‌కి కూడా నూకలు చెల్లాయి. బ్రాంచి లైను నుంచి మెయిన్ లైనుకి కొత్తగా మలుపు పట్టాలు వేశారు. ఇక కొండల బండ్లు స్టేషన్ ముఖం చూడకుండా అటునుంచటే నగరం దారి పడతాయి. ఇంజన్ తిప్పే పని లేదు. క్యాబిన్‌తోనూ పని లేదు, ఎక్కడో దూరాన గదిలో కూర్చుని మీటలు నొక్కితే చాలట. పేరు బోర్డు మీద 'జంక్షన్' అన్న మాట చెరిపేస్తారని టీ కొట్టు తాత రోజూ వచ్చి చెప్పిపోతున్నాడు. "పేరులో సగం పోయాక ఊళ్ళో నేనెందుకు?" అంటూనే మళ్ళీ పొయ్యి రాజేసుకుంటున్నాడు.

ఆమె గిన్నెలు గోనెసంచుల్లో కట్టడం మొదలుపెట్టింది.

అలాంటి రోజున ఆఫీసరమ్మ వచ్చింది. పాత స్టేషన్ల చరిత్ర పోగుచేసే పని ఆవిడది. కూతురు వయసుంటుంది, బూట్ల నిండా కంకర దుమ్ము. ముందు గదిలో ఉన్న ఒక్క కుర్చీ ఆవిడకి వేసి, ఆయన మంచం అంచున కూర్చుని మొదలుపెట్టాడు. ఏటి ఒడ్డు మెత్తటి మట్టి దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ఏ వరదకి ఏ కల్వర్టు కొట్టుకుపోయింది, మొదటి డీజిల్ ఇంజన్ వచ్చిన రోజు షెడ్డు వాళ్ళు పనిపోతుందని ఎలా ఏడ్చారు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇంట్లో ఉలుకూ పలుకూ లేని మనిషి ఇంతసేపు మాట్లాడగలడని ఆమె అనుకోలేదు. వంటగదిలో టీ పెడుతూ వింది. వినీ వినీ ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చింది.

"వేణ్ణీళ్ళ సంగతి చెప్పండి."

"వేణ్ణీళ్ళేమిటండీ?" అంది ఆఫీసరమ్మ.

"ఆవిరి ఇంజన్ల రోజుల్లో మా ఆడవాళ్ళెవరమూ నీళ్ళు కాచుకునేవాళ్ళం కాదమ్మా. ఇంజన్ వచ్చి ఆగగానే బకెట్లు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. డ్రైవర్లు కుళాయి తిప్పి పొగలు కక్కే నీళ్ళు పట్టేవాళ్ళు. మా అమ్మాయికి పురిటి స్నానం ఆ నీళ్ళతోనే. కాస్త మసి వాసన వచ్చేది పిల్ల."

ఆఫీసరమ్మ పగలబడి నవ్వింది. ఆయన మొహం చిట్లించాడు. "అవన్నీ ఇంటి విషయాలే. ఆవిడ అడిగేది చరిత్ర."

"చరిత్రకి స్నానం అక్కర్లేదా?" అని ఆమె మళ్ళీ లోపలికి పోయింది.

టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి మాట క్యాబిన్ మీదకి మళ్ళింది. ఆయన తన తండ్రి రోజుల నాటి సంగతి చెబుతున్నాడు. అప్పట్లో బ్రాంచి బండిని రోజూ మూడో లైను మీదకే తీసుకునేవారు. ఒకరోజు మూడో లైను మీద ఖాళీ వ్యాగన్లు ఉన్నాయి, ఒకటో లైను మీదకి తీసుకోమని మాస్టరు చెప్పాడు. క్యాబిన్లో ఉన్నాయన "ఆఁ ఆఁ, అలాగే" అని, చేతి అలవాటుకొద్దీ మూడుకే లాగాడు. బండి పోయి వ్యాగన్లని గుద్దింది. ప్రాణాలేం పోలేదు, డ్రైవరు పళ్ళు మాత్రం రాలాయి.

"అప్పట్నుంచీ ఇక్కడ 'ఆఁ, అలాగే' అన్న మాటే లేదమ్మా. చెప్పిన మాట చెప్పినట్టు తిరిగి చెప్పాలి."

"అంటే తిరిగి చెబితే ఒప్పుకున్నట్టన్నమాట" అంది ఆఫీసరమ్మ.

"కాదు, కాదు!" ఆయన గట్టిగా తలాడించాడు. "అందరూ అక్కడే పొరబడతారు. తిరిగి చెప్పడమంటే నీ మాట నా చెవిన పడిందని, అంతవరకే. ఆ తర్వాత నేను కిటికీలోంచి లైను చూసుకోవాలి. ఖాళీగా ఉంటే 'లైను ఇస్తున్నా' అంటాను. లేకపోతే ఇవ్వను. విన్నంత మాత్రాన ఇచ్చినట్టా?"

ఆమె గ్లాసులు ఇద్దరికీ అందించి అక్కడే నిలబడింది.

"ఈ మాటలే మీరు మ్యూజియంలో చెప్పాలి" అంది ఆఫీసరమ్మ సంబరంగా. ఆమె వైపు తిరిగి, "క్యాబిన్ని అలాగే ఉంచి జనానికి చూపిస్తామండీ. చూపించి చెప్పడానికి సారు కంటే ఎవరున్నారు? ఈ క్వార్టరూ మీకే ఉంటుంది. మీరిద్దరూ ఉండడానికి ఒప్పుకున్నారని సారు చెప్పగానే నాకు సగం బరువు దిగిపోయింది" అంది.

ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆఫీసరమ్మ వెళ్ళిపోయింది. ఆమె గ్లాసులు కడిగి, బోర్లించి, చెయ్యి తుడుచుకుని వచ్చింది.

"నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?"

"అదీ... నీతో చెబుదామనే..."

"అక్కా వాళ్ళ ఊరు వెళ్దామని నేను ఎన్నిసార్లు అన్నాను? ప్రతిసారీ మీరూ అన్నారు కదా వెళ్దామని."

"నువ్వన్నది అన్నాను." ఆయన లోగొంతుకతో అన్నాడు. "వస్తానని అనలేదు."

నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. ఇన్నేళ్ళూ క్యాబిన్ వాడి భార్య అనిపించుకుంది, ఆ క్యాబిన్లో మాటకి విలువేమిటో ఇవాళ పరాయి పిల్ల అడిగితే తెలిసింది. ఉప్పు సంగతి సరే, ఉప్పు తెచ్చేవాడు. ఆమె నమ్మిందీ దాన్ని చూసే. కానీ బదిలీ గురించి, సెలవులకి వెళ్దామన్న ఊళ్ళ గురించి, కూతురి దగ్గర ఓ నెల ఉందామన్న మాట గురించి, అన్నిటికీ ఆయన తిరిగి చెప్పాడు. దేనికీ లైను ఇవ్వలేదు. ఆమె మాత్రం బండి బయల్దేరిందనే అనుకుంటూ ప్లాట్‌ఫారం మీదే కూర్చుంది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేస్తే సంగతంతా చెప్పింది. "ఏమే, చిలక ఎగరనంటోందా? మెడ పట్టుకుని తీసుకురా."

"మెడ పట్టుకుని తెచ్చిన మనిషిని ఏం చేసుకుంటానక్కా?" అంది ఆమె. అంత విసురు తన గొంతులో ఉందని అప్పటిదాకా తెలీదు.

తర్వాత రోజుల్లో ఆమె కట్టిన సంచులు విప్పలేదు, కొత్తవి కట్టలేదు. ఆయన ఏదో అందామని వంటగది గుమ్మం దాకా వచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఆయన క్యారియర్ మరిచిపోయి డ్యూటీకి వెళ్ళాడు. ఎప్పుడైనా అయితే పాయింట్స్‌మన్ చేత పంపేది. ఆ రోజు తనే తీసుకుని బయల్దేరింది.

ఇన్నేళ్ళలో ఆమె క్యాబిన్ మెట్లెక్కింది చాలా తక్కువ. పైన గది చుట్టూ అద్దాలే. మధ్యలో వరసగా లివర్లు, పట్టుకునేచోట అద్దంలా మెరుస్తున్నాయి. చెమట చేత్తో పట్టుకుంటే తుప్పు పడుతుందని ఆయన గుడ్డముక్కతోనే పట్టుకుంటాడు. ఆ గుడ్డలు ఆమె పాత లంగాలు చింపి ఇచ్చినవే. ఫోన్ మోగింది. ఆయన విన్నాడు, తిరిగి చెప్పాడు, కిటికీలోంచి అటూ ఇటూ చూశాడు. "లైను ఇస్తున్నా" అన్నాడు. లివరు లాగేటప్పుడు ఆ సన్నటి మనిషి ఒళ్ళంతా బిగిసి, పదేళ్ళు చిన్నవాడిలా కనబడ్డాడు. ఆయన ఇక్కణ్ణుంచి ఎందుకు కదలలేడో ఆ క్షణాన ఆమెకి అర్థమైంది. అర్థం కావడం వల్ల కోపం తగ్గితే బాగుండేది, తగ్గలేదు.

"వచ్చే ఆదివారం నేను వెళ్తున్నాను" అంది. "మీరు వస్తారా?"

"వచ్చే ఆదివారం..."

"తిరిగి చెప్పకండి. జవాబు చెప్పండి."

ఆయన చేతిలో గుడ్డని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"అక్కడికొచ్చి నేనేం చెయ్యను?" అన్నాడు చివరికి. "మీ అక్క వీధిలో నన్నెవరంటారు? టైలరమ్మ మొగుడంటారు."

"అంటే ఏం పోయింది? ఇక్కడ నా పేరు ఒక్కరికైనా తెలుసా? క్యాబినాయన భార్యనే కదా నేను!"

ఆయన ఆ మాటకి ఆమె కళ్ళలోకి చూశాడు. చూసి, అద్దాల వైపు తిరిగాడు. "నాకు భయంగా ఉందే" అన్నాడు.

వరదలో నడుములోతు నీళ్ళలో లాంతరు పట్టుకుని డ్యూటీకి పోయిన మనిషి. భయమన్న మాట ఆ నోటి వెంట ఆమె ఎప్పుడూ వినలేదు.

"భయం నాకూ ఉంది. ఈ వయసులో కొత్త చోట ఎవరు కుట్టించుకుంటారు? కుట్టు చెడిపోతే ఏం మొహం పెట్టుకుని ఉంటాను? అయినా వెళ్తాను. మీకోసం ఆగితే ఇక ఎప్పటికీ వెళ్ళను."

"నేను కొన్నాళ్ళిక్కడ ఉంటాను. ఎవరికైనా నేర్పేదాకా."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు?"

"తెలీదు."

ఆ తెలీదన్న మాట చేదుగానే ఉంది. కానీ అది ఆయన సొంత మాట. ఆమె క్యారియర్ మూత తీసి బల్ల మీద పెట్టింది.

"కోపమా?" అన్నాడాయన.

"కోపమే. తినండి, చల్లారిపోతోంది."

ఆదివారం నాటి బ్రాంచి బండి అక్కడ ఇంజన్ తిప్పుకునే ఆఖరి బండ్లలో ఒకటి. పాయింట్స్‌మన్లు మిషన్ని పసిపిల్లలా ఎత్తుకొచ్చి రైలు పెట్టెలోకి ఎక్కించారు. టీ కొట్టు తాత రెండు బన్నులు పొట్లం కట్టి ఇచ్చాడు. ఆయనకి ఆ పూట డ్యూటీ. దిగి రావడానికి లేదు. అన్నేళ్ళూ ఆ వాకిట్లోంచి కిటికీల్లో జనాన్ని చూసిన ఆమెకి, కిటికీ లోపల కూర్చుంటే వింతగా ఉంది. ఇంజన్ అటు చివర తగిలించిన కుదుపు వచ్చింది. బండి కదిలి క్యాబిన్ పక్క నుంచి వెళ్తుంటే తలెత్తి చూసింది. అద్దాల వెనక ఆయన గుడ్డ పట్టుకున్న చెయ్యి లివరు మీదే ఉంది. ఆమె బండికి లైను ఇచ్చింది ఆయనే. చెయ్యి ఊపడానికి కుదరలేదేమో, బండి మొత్తం దాటేదాకా తల మాత్రం ఇటే తిప్పి ఉంచాడు.

అక్క ఊళ్ళో మొదటి పదిరోజులు ఒక్క బటన్ కుట్టించుకోవడానికైనా ఎవరూ రాలేదు. తర్వాత అక్క పక్కింటావిడ ఒక గలీబు తెచ్చింది. ఆవిడ పనితనం పరీక్షిస్తోందని తెలిసి, ఆమె ఆ గలీబుని పెళ్ళి గౌనంత శ్రద్ధగా కుట్టింది. ఆ తర్వాత బేకరీ ఆయన కర్టెన్లు, బడి పిల్లల యూనిఫారాలు వచ్చాయి.

ఆయన రెండో నెలలో వచ్చాడు. జంక్షన్‌లో ఇప్పుడు బండ్లు ఆగవు కాబట్టి మూడు బస్సులు మారి, నలిగిపోయి వచ్చాడు. గుమ్మంలో నిలబడి గదిని కలయజూశాడు. మిషన్, దాని ముందు స్టూలు, బట్టలు పెట్టుకునే బల్ల.

"మ్యూజియం ఎలా ఉంది?" అందామె.

"వచ్చినవాళ్ళంతా ముందు బాత్రూమ్ ఎక్కడని అడుగుతున్నారు." ఆయన నవ్వాడు, ఆమెకీ నవ్వొచ్చింది. "లివర్లు లాగి ఫొటోలు దిగుతున్నారు. చెబితే కొందరు వింటున్నారు." మళ్ళీ గదిలో చూసి, "కూర్చోడానికి కుర్చీ లేదా?" అన్నాడు.

"లేదు. నాకు స్టూలు చాలు. కావాలంటే మీరే వెళ్ళి కొనుక్కోండి. ఈ వీధి చివర బజారుంది."

ఆయన సంచి గోడకి ఆనించి బయటికి నడిచాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ చూస్తూనే ఉంది. వీధి మధ్యలో ఆగి బేకరీ ఆయన్ని ఏదో అడిగాడు. బేకరీ ఆయన చెయ్యి చాపి చూపించాడు.

చాలాసేపటికి ఆయనా, బేకరీ ఆయనా చెరో పక్క పట్టుకుని చేతుల కుర్చీ ఒకటి మోసుకొచ్చారు. టేకు చెక్క, బండంత బరువు. కిటికీ పక్కన దింపి ఆయన నడుం పట్టుకుని రొప్పాడు.

"మడతకుర్చీ అయితే తేలిగ్గా తెచ్చేవారు కదండీ."

"చూశాను. నడుముకి ఆనవవి."

మధ్యాహ్నం దాకా ఆ కుర్చీలో కూర్చుని వీధిని చూశాడు. గొడుగేసుకుని పోయేదెవరు, ఆ మూడు చక్రాల బండి ఎవరిదని అడిగాడు. తెలిసినవాళ్ళ గురించి ఆమె చెప్పింది. తెలియనివాళ్ళని తెలీదంది. బస్సు వేళకి లేచి సంచి తీసుకున్నాడు. మర్నాడు బడిపిల్లలు మ్యూజియం చూడ్డానికి వస్తున్నారట.

"మళ్ళీ ఆదివారం వస్తాను" అన్నాడు మెట్లు దిగుతూ.

"చూద్దాం" అందామె.

సాయంత్రం ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని గౌను కొలతలివ్వడానికి వచ్చింది. అలసటగా ఆ కుర్చీలో కూలబడి, దాని చేతులు తడిమి చూసి, "ఇంత పెద్ద కుర్చీ ఎవరిదండీ?" అంది.

"మా ఆయనది. వస్తూ పోతూ ఉంటారు" అని ఆమె మెడలోంచి టేపు తీసి, పిల్లని దగ్గరికి పిలిచి భుజాలు కొలిచింది.